జీపు మీద నాలుగు దెబ్బలు

దయ్యాల ముచ్చట ఎవరన్న తీస్తే నేను ఒక్కటే మాట అంటుంటి: ముందుగాల ఫ్యూజు చూడుండ్రి. పద్దెనిమిదేండ్లు మిలిటరీల రేడియో మెకానిక్‌గ చేసిన. బండ్ల మీద బిగించే రేడియోలు, వాటి యాంటెన్నాలు, అదే నా పని. కొండల మీద పండుకున్న, ఎడారిల పండుకున్న, కుక్క సుత లేని జాగల ఒక్కన్నే డ్యూటీ చేసిన. ఒకపారి ఒక జవాను వణుక్కుంట వచ్చి రేడియోల ఎవరో ఆడమనిషి ఏడుస్తుందన్నడు. పోయి చూస్తే కనెక్టరుల నీళ్లు దిగినయి. తుడిచి ఇచ్చిన, ఏడుపు బందయింది. నా లెక్కల లోకంల సగం దయ్యాలు లూజు కనెక్షన్లు. మిగిలిన సగం తాగి చూసినయి.

ఇప్పుడు సుత నేను నమ్ముతున్న అని చెప్తలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్న. చదివినోళ్లకు కారణం దొరికితే నాకంటే సంతోషపడేటోడు ఉండడు.

నాకు అమీర్‌పేటల చిన్న దుకాణం ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్న గల్లీల, మెట్ల కింద అర్ర. అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లు, ఫంక్షన్ హాళ్లోళ్లు వాడే వాకీటాకీలు బాగుచేస్త. హాస్టళ్ల పిల్లలు వచ్చి మొబైల్ స్క్రీన్ వేస్తరా అంకుల్ అని అడుగుతరు. వెయ్యనంట. మస్తు గిరాకి పోగొట్టుకుంటున్నవని ఇంట్ల రోజూ లొల్లే. నాకు రేడియో తప్ప వేరేది చేతికి ఎక్కదు, ఏం చెయ్యమంటరు.

శ్రీనగర్ కాలనీల మూర్తి గారని ఒక పెద్దమనిషి ఉన్నడు. గోదావరి దిక్కు మనిషి, బ్యాంకుల చేసి రిటైరైండు. ఆయనకు హ్యామ్ రేడియో పిచ్చి. అంటే సర్కారు లైసెన్సు తీసుకొని, ఇంట్ల కూసొని దునియాల ఎవరెవరితోనో రేడియోల మాట్లాడే సరదా అన్నట్టు. పోయినేడు వేలంల పాత మిలిటరీ జీపు కొన్నడు. ఎనుక ఎడమ మూలకు యాంటెన్నా నిలబడే దిమ్మ ఇంకా అట్లనే ఉంది. దానికి పొడుగు కడ్డీ యాంటెన్నా పెట్టిచ్చి, లోపల తన రేడియో బిగించుకున్నడు. అది సతాయిస్తుంటే నా పేరు ఎవరో చెప్పిండ్రు.

“బండి ఆగుంటే బ్రహ్మాండంగా మాట్లాడొచ్చండీ సత్తయ్య గారూ. కదిలిందంటే చాలు, మాట తెగిపోతోంది” అన్నడు.

సరిగ్గ ఇదే కంప్లైంటు ఇరవై రెండేండ్ల కింద ఒక మిలిటరీ బండి మీద విన్న. ఆ బండి సంగతి చెప్తేగని జీపు సంగతి అర్థం కాదు.

మాది నేత పని చేసే ఊరు. మా వాడకట్టుల అన్నీ మగ్గాలే. అదే వాడకట్టు నుంచి నేను, యాదగిరి ఒక్కటేసారి మిలిటరీల చేరినం. తర్వాత తిరిగి తిరిగి ఒక్క యూనిట్లనే పడ్డం. నన్ను బావా అని పిలిచేటోడు. చుట్టరికమేం లేదు, అలవాటైంది. వాడి పెండ్లయినంక వాడి పెండ్లాం పద్మ అందుకే నన్ను అన్నా అన్నది. యాదగిరికి నోరు ఊకుండేది కాదు. నాకు కోపమెక్కువని, నన్ను చూస్తే స్క్రూలు భయపడి వాటంతట అవే ఊడొస్తయని అందరి ముంగట అనేటోడు. నేను తిడితే ఇంకింత నవ్వుతుండె. ఇన్నేండ్లయినా పని చేసుకుంటుంటే పక్కన వాడు లేనట్టు అనిపియ్యదు. ఏదో తేవడానికి పోయిండు, వస్తడు అన్నట్టే ఉంటది.

కదిలినప్పుడే మాట తెగే బండిని బాగుచేసుడు ఒక్క మనిషితోని అయ్యే పని కాదు. ఒకడు లోపల కూసొని మీటరు చూడాలె. రేడియో పంపిన పవరు యాంటెన్నా నుంచి బయటికి పోతుందా, లేకుంటే తిరిగి ఎనుకకే వస్తుందా అని ఆ మీటరు ముల్లు చెప్తది. ఇంకొకడు బయట నిలబడి ఎండిన కట్టెతోని యాంటెన్నాను ఒక్కొక్క అతుకు కాడ ఊపాలె. పవరు ఉన్నప్పుడు చెయ్యి పెడితే కాలుతది, అందుకే కట్టె. ఊపుతున్నప్పుడు ముల్లు ఎక్కడ పడితే అక్కడ రోగం ఉన్నట్టు.

ఇంజను చప్పుడుల మాట వినపడదు. అందుకని మేమిద్దరం బండి రేకు మీద దెబ్బల సైగలు పెట్టుకున్నం. బయటున్నోడు ఒకటి కొడితే కడ్డీ అతుకు ఊపుతున్న అని. రెండు కొడితే దాని కింది స్ప్రింగు. మూడు కొడితే కేబులు. నాలుగు కొడితే ఎర్తు పట్టీ, అంటే దిమ్మను బండి ఇనుముకు కలిపే రాగి పట్టీ. లోపలున్నోడు అంతా మంచిగుంటే ఒకటి కొట్టాలె. ముల్లు పడితే రెండు కొట్టాలె. రెండంటే దొరికింది, ఆగు అని.

ఈ దెబ్బల లెక్క ఏ పుస్తకంల లేదు. మా ఇద్దరిదే. అండ్ల సుత యాదగిరి నాలుగు కొట్టే తీరు ఇంకెవ్వరికీ రాకపోయేది. ఒకటి కొట్టి, ఆగి, మిగిలిన మూడు గబగబ కొట్టేటోడు. టక్. టక్‌టక్‌టక్. గట్లెందుకురా అంటే వాళ్ల నాయిన మగ్గం ఇట్లనే మోగుతుండె అన్నడు, చెయ్యి దానంతటదే పోతదన్నడు.

కొండలల్ల ఉన్నప్పుడు ఒక పొద్దున మా యూనిట్ బండ్లు వేరే క్యాంపుకు పోవాలె. అన్నిటికంటే ముందు పోయే బండిల రేడియో మీద యాదగిరి. ఆ బండికే కంప్లైంటు: ఆగితే మంచిగ పలుకుతది, కదిలితే తెగుతది. యాదగిరి రేషన్ తెచ్చుకోను పోయిండు. బండ్లు ఎల్లడానికి అర్ధగంట లేదు. నేను ఆగలే. మాట్లాడే బటన్ నొక్కే ఉండేటట్టు రబ్బరు బ్యాండు కట్టి, దిగి, కట్టెతోని యాంటెన్నాను ఊపి, ఉరికొచ్చి మీటరు చూసిన. ముల్లు కదలలే. ఎట్ల కదులుతది? నేను ఉరికొచ్చే లోపట యాంటెన్నా ఊగుడు ఆపేస్తది గదా. నిన్న మొన్న చేరిన పోరడు సుత ఇట్ల చెయ్యడు. తెల్వక చెయ్యలే నేను, తెలిసే చేసిన. అప్పటికే కనెక్టరు ఒకటి లూజుగ కనిపిస్తే బిగించి ఉన్న. ఇంకేముంటదిలే అనుకున్న.

రిజిస్టరుల ఇద్దరి సంతకాలు ఉండాలె. నేను పెట్టిన. యాదగిరి రేషన్ మూట పట్టుకొని వచ్చి, ఏమీ అడగకుండ నా సంతకం పక్కన తన సంతకం పెట్టిండు.

“బావ చూసిండంటే అయిపోయినట్టే” అన్నడు. వాడు నాతోని మాట్లాడిన ఆఖరి మాట అదే.

మధ్యాహ్నం ఒక మలుపు కాడ వానకు రోడ్డు కొట్టుకపోయి ఉంది. బండి లోయలకు జారింది. ఎనుక వచ్చేటోళ్లు శానా దూరంల ఉన్నరు, వాళ్లకు కనపడలే. వెతికి పట్టుకునేసరికి సాయంత్రమైంది. డ్రైవరు, యాదగిరి, ఇద్దరూ పోయిండ్రు. డ్రైవరు పడంగనే పోయిండట. యాదగిరి రెండు గంటలన్న బతికి ఉండొచ్చని డాక్టరు చెప్పిండు.

ఆ రెండు గంటలు క్యాంపుల రేడియో ముంగట కూసున్నది నేనే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని వాడిని పిలుస్తనే ఉన్న. ఇసుక పోస్తున్నట్టు ఒకటే సొద. వేరే ఏం రాలే.

విచారణ చేసిండ్రు. రేడియో, యాంటెన్నా దెబ్బతిని ఉన్నయి, ముందే చెడ్డయో పడ్డప్పుడు చెడ్డయో చెప్పలేమన్నరు. కొండల నడుమ సిగ్నల్ పోవుడు మామూలే, ఎవరి తప్పూ లేదని రాసిండ్రు. నేను ఒక్కన్నే పరీక్ష చేసిన సంగతి నన్నెవరూ అడగలే. నేను చెప్పలే.

పద్మకు సుత చెప్పలే. యాదగిరి పోయిన ఆరేండ్లకు ఆమె బిడ్డను తీసుకొని ఊరు ఇడిసి బల్కంపేటకు వచ్చింది. జాకెట్లు, ఫాల్స్ కుట్టుకుంట బిడ్డను చదివిచ్చింది, పెండ్లి చేసింది. ఏటా దసరాకు జమ్మి ఆకు పెట్టి రావడానికి పోత. అన్నా తినిపో అని కూసోబెట్టి వడ్డిస్తది. ఆమె చేతి అన్నం ముంగట కూసున్నప్పుడల్లా నాకు ఒక్కటే ఆలోచన. వాడు ఆ రెండు గంటలు పిలిచిండా? పిలిస్తే నా పనితనం వల్లనే నాకు వినపడలేదా? ఇన్నేండ్ల సంది నాకు తెలవాల్సింది ఇదొక్కటే. ఇంకొకటి సుత ఉంది. వాడు ఒక్కసారి పలికితే వినాలని ఉండె.

ఇగ జీపు కాడికి వస్త. మూర్తి గారు దాన్ని పంజగుట్టల, మెయిన్ రోడ్డు ఎనుక ఒక మెకానిక్ షెడ్డుల పెట్టిండు. కొన్నంక ఎవరితోనో పచ్చ రంగు కొట్టిచ్చిండు, మెరుస్తుంది. మూడు రోజులు దాని చుట్టూ తిరిగిన. కేబులు మార్చిన, కనెక్టర్లు మార్చిన, స్ప్రింగు మార్చిన. ఎర్తు పట్టీకి చేతి మీటరు పెట్టి చూస్తే కనెక్షన్ నూటికి నూరు పాళ్లు ఉంది. దాన్ని అక్కడికే ఇడిసిపెట్టిన.

బయట ఊపడానికి మూర్తి గారినే నిలబెట్టిన. ఆయన కట్టె పట్టుకున్నడంటే అమ్మవారికి హారతి ఇచ్చినట్టే. జర గట్టిగ ఊపుండ్రి సార్ అంటే, “విరిగిపోతుందేమో అండీ” అంటడు. ముల్లు పడలే. బండి రోడ్డెక్కితే మాత్రం మాట తెగుడే.

సోమవారం పొద్దున ఆయన, ఆయన భార్య ఆ జీపుల శ్రీశైలం పోవాలె. అడివి దారిల చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, అందుకే ఆయనకు రేడియో మీద భరోసా. ఇద్దరికీ డెబ్బై దాటినయి. రేడియో పనిచెయ్యకుంటే పోవద్దని నేనంటే, మీరు చేసేస్తారులెండి అని నవ్విండు. నాకు నవ్వు రాలే.

ఆదివారం బల్కంపేట ఎల్లమ్మ కాడ బోనాలు. దారులన్నీ బందు. షెడ్డుల పనిచేసేటోళ్లు ఎవ్వరూ రాలే. మూర్తి గారికి మోకాలు నొప్పి లేచింది, తాళంచెవి ముందురోజే నా చేతిల పెట్టిండు. పదకొండు గంటలప్పుడు నేను ఒక్కన్నే పోయిన. షెడ్డు చుట్టూ నిలువెత్తు గోడ, ఒక్కటే ఇనుప గేటు. లోపటికి పోయి గేటుకు గొళ్లెం పెట్టిన. పండుగనాడు తాగినోళ్లు వస్తరని పెట్టిన, బాగ గుర్తుంది.

ఫోన్ల మీటరును వీడియో తీసుకుంటే అయిపోయేది గదా అని ఇది విన్న మా అల్లుడు అన్నడు. నాది బటన్ల ఫోను. కాబట్టి మళ్ల అదే రబ్బరు బ్యాండు. జేబుల నుంచి అది తీసినప్పుడు నామీద నాకే అసహ్యమైంది. అయినా ముందుగాల అంతా ఆగి ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుంటదో చూద్దామని ఇంజను స్టార్ట్ చేసి, పవరు తక్కువ పెట్టి, బటన్ కట్టి లోపల కూసున్న. కట్టె నా పక్క సీటు మీదనే ఉంది. పైన టాపు గుడ్డ కప్పి ఉంది కాబట్టి లోపలి నుంచి యాంటెన్నా కనపడదు.

ఎనుక రేకు మీద ఒక దెబ్బ పడ్డది.

ముల్లు కదలలే. నా చెయ్యి పోయి పక్కనున్న రేకు మీద ఒకటి కొట్టింది. ఏం అనుకోలే నేను. పాత అలవాటు, చెయ్యి కొట్టింది అంతే. యాంటెన్నా ఊగుతున్నట్టు బండి జర కదిలింది. తర్వాత రెండు దెబ్బలు. ముల్లు మంచిగనే ఉంది, మళ్ల ఒకటి కొట్టిన. తర్వాత మూడు. అప్పుడు సుత ఒకటి కొట్టిన. నా కండ్లు మీటరు మీదనే ఉన్నయి. మనసుల మూర్తి గారు బయట ఉన్నడన్న ధ్యాసల ఉన్న.

అప్పుడు గుర్తొచ్చింది, మూర్తి గారు రాలే. గేటుకు గొళ్లెం ఉంది. కట్టె నా పక్కన ఉంది.

టక్. టక్‌టక్‌టక్.

ముల్లు పడ్డది. లేచింది. మళ్ల పడ్డది. బండి ఎనుక మూల సన్నగ ఊగుతుంది. నా ఒంటి మీద వెంట్రుకలు లేచినయి, అది నిజం. గని భయమంటే భయం కాదది. ఎట్ల చెప్పాలె? తప్పిపోయిన పిల్లగాడు బజార్ల కనిపిస్తే తల్లికి కాళ్లు ఆడయి చూడుండ్రి, గట్లయింది. నేను రెండు కొట్టిన. దొరికింది, ఆగు.

ఊగుడు ఆగింది.

దిగి ఎనుకకు పోయిన. ఎవ్వరు లేరు. యాంటెన్నా కొస ఇంకా జరజర ఆడుతుంది. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. గోడెక్కి దుంకితే చప్పుడన్న కావాలె, మన్నుల అడుగులన్న ఉండాలె. మన్నుల నా చెప్పుల గుర్తులే ఉన్నయి.

నేను మెకానిక్‌ను, ఊరికే ఇడిసిపెట్టేటోన్ని కాదు. ఇంజను చప్పుడేమో అని పది నిమిషాలు నడిపి చూసిన, దెబ్బలు రాలే. మెట్రో రైలు ఊపేమో అని మూడు రైళ్లు పొయ్యేదాంక కూసున్న, ఏం లేదు. ఎండకు రేకు సాగి టక్కుమంటదని మీరనొచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి, నా జవాబు కోసం ఆగి ఆగి సాగే రేకును నేను ఇంతవరకు చూడలే. కాకి వాలిందనుకున్నా, ఆ నాలుగు దెబ్బల తీరు కాకికి ఎవరు నేర్పిండ్రు?

ఎర్తు పట్టీ విప్పిన. చేతి మీటరు నూటికి నూరు ఇచ్చిన పట్టీ అది. విప్పితే కింద నున్నగ పచ్చ రంగు. రంగు కొట్టినోడు ఇనుమును గీకకుండ పట్టీని రంగు మీదనే బిగించిండు. బోల్టు మరలు లోపల ఇనుముకు తగులుతున్నయి, అందుకే ఆగి ఉంటే కనెక్షన్ ఉంటది. బండి ఊగితే బోల్టు జర కదిలి తెగుతది. రూపాయి బిళ్లంత జాగ మెరిసేదాంక గీకిన, పట్టీ బిగించిన. రోగం ఎక్కడుందో తెలిసింది కాబట్టి ఇప్పుడు ఒక్కడు చాలు: రబ్బరు బ్యాండు కట్టి, బండి ఎనుకకు ఎక్కి దుంకుకుంట మీటరును తొంగి చూసిన. ముల్లు ఇంచు కదలలే.

సామాను డబ్బాల పెడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. కొండలల్ల ఆ ప్రమాదానికి వారం ముందు పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిండు. వస్తున్నడని బండ్లన్నిటికీ కొత్తగ రంగు కొట్టిచ్చినం. యాంటెన్నా దిమ్మలు విప్పి, రంగు కొట్టి, మళ్ల బిగించినం. ఆ బండి ఎర్తు పట్టీని నేను విప్పి చూడనే లేదు. ఇద్దరం కలిసి పరీక్ష చేసి ఉంటే యాదగిరి నాలుగు కొట్టేటోడు, ముల్లు పడేది, పావుగంటల అయిపోయేది.

బండి పడ్డ దెబ్బకు ఆ బోల్టు కదిలి అట్లనే నిలిచిపోయి ఉంటది, వాడి మాట బయటికి పోయి ఉండదు. ఇదే అయి ఉంటదని నేను సాక్ష్యం చూపియ్యలేను. గని నాకు తెలిసిపోయింది. వాడు పిలిచే ఉంటడు.

ఇంజను బందు చేసి ఎనుక సీట్ల కూసున్న. రేకు మీద ఒకటి కొట్టిన. జవాబు రాలే. మళ్ల కొట్టిన. యాదగిరీ, తప్పయింది బిడ్డా అన్న. ఒక్కసారి బావా అనురా అన్న. ఏడ్చిన. అరవై దాటినోన్ని, పండుగపూట, పరాయి మనిషి జీపుల కూసొని వెక్కి వెక్కి ఏడ్చిన. రెండు గంటలు కూసున్న. ఏ చప్పుడూ కాలే.

అక్కడినుంచి బల్కంపేటకు నడిచే పోయిన. దారులన్నీ జనం, డప్పులు, ఆడోళ్ల నెత్తిల బోనాలు. పద్మ అప్పుడే గుడి నుంచి వచ్చి కూసుంది, నొసట పసుపు బొట్టు ఆరలే. పండుగనాడు చెప్పే ముచ్చట కాదు. మళ్ల దసరా దాంక ఆగితే చెప్పనని నాకు తెలుసు. అంతా చెప్పిన. ఒక్కన్నే పరీక్ష చేసిన సంగతి, వాడు నన్ను నమ్మి సంతకం పెట్టిన సంగతి, రంగు సంగతి, అప్పుడు నేను నోరు మూసుకున్న సంగతి. ఆఖరికి పొద్దటి నాలుగు దెబ్బల సంగతి.

ఆమె తిడుతదనుకున్న. ఇంట్ల నుంచి పొమ్మంటే పోదామనే పోయిన. ఆమె కుట్టు మిషన్ మీదున్న గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

“పంజగుట్ట దాంక వచ్చిండా?” అన్నది.

నేను తల ఊపిన.

“ఈడికి ఎంత దూరమని? ఆయన పోయినప్పుడు మేము ఊర్లనే ఉంటిమి. ఇల్లు మారిన సంగతి ఆయనకు ఎట్ల తెలుస్తది? నువ్వన్న చెప్పకపోతివా అన్నా, నేను బల్కంపేటల ఉంటున్న అని.”

నేను క్షమాపణ అడిగిన, నా పేరు పెట్టి పిలువుమన్న. నీ పెండ్లాం ఇక్కడికి రెండు మైళ్లల్ల ఉందిరా అన్న ముక్క నా నోట రాలే. నా తప్పు గురించి ఆమె ఆనాడు ఏమనలే, ఇప్పటిదాంక సుత ఏమనలే. చాయ్ పెట్టి ఇచ్చింది, తాగిన.

మూర్తి గారు శ్రీశైలం పోయి మంచిగ తిరిగొచ్చిండు. దారి పొడుగునా మాట ఒక్కపారి సుత తెగలేదని ఫోన్ చేసి మురిసిపోయిండు. నేను ఇంకోసారి జీపును చూడాలన్న, ఎర్తు పట్టీ గట్టిగుందో లేదో చూస్త అన్న. అబద్ధం. షెడ్డుకు పోయి, ఎనుక సీట్ల కూసొని, చుట్టుపక్కల ఎవరన్న వింటున్నరా అని చూసి, పద్మ ఇంటి గుర్తులు చెప్పిన. గుడి ఎనుక మూడో గల్లీ, పిండి గిర్ని పక్క మెట్లు, రెండో అంతస్తు, తలుపుకు నీలం రంగు. బెల్లు పనిచెయ్యదురా, తలుపు కొట్టు అన్న. దయ్యాలు లేవని పద్దెనిమిదేండ్లు జవాన్లకు చెప్పినోన్ని, ఖాళీ జీపుకు అడ్రస్ చెప్పి వచ్చిన. తలుపు కొట్టమని చెప్పి వచ్చినని పద్మకు ఫోన్ చేసి చెప్పిన.

అయ్యి ఎవరు కొట్టిన దెబ్బలో నాకు తెల్వదు. నా మనసే చేసిందందామంటే, నా మనసుకు ఎర్తు పట్టీ మంచిగుందనే గట్టి నమ్మకం ఉండె. తెలిసిన మెకానిక్‌లను అడిగిన, మూర్తి గారిని అడిగిన. ఆయన కండ్లద్దాలు తుడుచుకొని, “నాకు అంతుపట్టడం లేదండీ” అన్నడు. నాకు సుత అంతే. ఆ జీపు తర్వాత ఇంకా రెండు మూడు పాత మిలిటరీ బండ్లు నా కాడికి వచ్చినయి. ప్రతి దాంట్ల కూసున్న, ముందుగాల ఒకటి కొట్టి చూసిన. ఏ బండీ మాట్లాడలే.

పోయిన దసరాకు పద్మ ఇంటికి పోయినప్పుడు సామాను డబ్బా సుత పట్టుకపోయిన. బెల్లుకు కొత్త స్విచ్చు పెడుత చెల్లె, ఐదు నిమిషాల పని అన్న. వద్దన్నది. ఇంక కొన్నొద్దులు గట్లనే ఉండనియ్యి అన్నా అన్నది.